స్పోర్ట్ బటన్ మీద పడ్డ నేరం

నేను ఒక బటన్‌ను. చొక్కాకు కుట్టే రకాన్ని కాదు. కారులో గేరు పక్కన, బొటనవేలు ఆనేంత వెడల్పుతో, నల్లటి ఒంటి మీద తెల్లటి 'ఎస్' అక్షరంతో ఉండేదాన్ని. నన్ను నొక్కితే కారు స్పోర్ట్ మోడ్‌లోకి వెళ్తుంది. కారు కొన్నవాళ్ళలో చాలామంది నన్ను రెండేసార్లు నొక్కుతారు. బండి ఇంటికి తెచ్చిన రోజు ఒకసారి, బావమరిదికి చూపించడానికి ఇంకోసారి. ఆ తరువాత నన్ను మరచిపోతారు. నాకు మాత్రం అలాంటి బతుకు దక్కలేదు. నన్ను మూడేళ్ళు మనసారా వాడుకున్నారు. అందుకే ఇంత బాధ.

చెన్నై అవతల ఒక ఫ్యాక్టరీలో, కరిగిన ప్లాస్టిక్ అచ్చులో చల్లారి పుట్టాను. లోపల సన్నటి స్ప్రింగు, రాగి రేకు అమర్చారు. చివర్లో ఒకామె నన్ను చెవి దగ్గర పెట్టుకుని నొక్కింది. 'టిక్' మన్నాను. తల ఊపి పెట్టెలో వేసింది. నొక్కితే పలకాలి, నొక్కకపోతే ఊరుకోవాలి. ఈ లోకంలో నాకు అప్పజెప్పిన పని అంతే.

విశాఖపట్నం షోరూములో నన్ను చూపించి సేల్స్ కుర్రాడు, "ఇది నొక్కారంటే బండి పులే మేడమ్!" అన్నాడు. నాకు సిగ్గేసింది. నాలో పులీ లేదు, పిల్లీ లేదు. ఇంజనుకు లేని బలాన్ని నేను తెచ్చి ఇవ్వలేను. ఉన్న బలాన్ని కాస్త త్వరగా అందిస్తాను. ఆటోమేటిక్ బండి కదా, గేరు తనంతట తానే తొందరపడి పైకి మారకుండా పట్టి ఉంచుతాను. కాలు కొంచెం ఆనిస్తే చాలు, బండి వెంటనే కదులుతుంది. దానికి బదులు పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజను కాస్త గట్టిగా అరుస్తుంది. ఇందులో దాచిందేమీ లేదు.

ఆ మేడమ్ పేరు హైమావతి. చోడవరంలో ఇల్లు. పాడేరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. పొద్దున్నే మైదానం దాటి, ఘాట్ రోడ్డు ఎక్కి కొండ మీదికి వెళ్ళాలి. సాయంత్రం అదే దారిన దిగాలి. బస్సులతో పదేళ్ళు విసిగిపోయి, తన జీతంతో తాను కొనుక్కున్న కారు అది. పక్కన కూర్చున్న భర్త జగ్గునాయుడు సిమెంటు వ్యాపారి. బండి షోరూము గేటు దాటకముందే తీర్పు చెప్పేశాడు.

"చూడు హైమా, ఆ ఎస్సు అన్నది పెట్రోలు తాగడానికి పెట్టిన బటన్. దాన్ని ముట్టుకోవద్దు."

ఆమె ముట్టుకోలేదు. మొదటి రెండు నెలలూ ఘాట్ రోడ్డు మీద ఆమె పడ్డ అవస్థ నేను కళ్ళారా చూశాను. మామూలు మోడ్‌లో ప్రతి మలుపు దగ్గరా గేరు పైకి మారిపోయేది. బండి బరువెక్కి మూలిగేది. ఆమె కాలు అదిమేది. గేరు మళ్ళీ దబ్బున కిందికి దిగేది. వెనక లారీ హారన్ మోత. దిగేటప్పుడు మరీ ఘోరం. కొండ దిగినంతసేపూ బ్రేకు మీదే కాలు. కొండ కింది ఊరు గరికబంద చేరేసరికి కాలిన వాసన, ఆమె అరచేతుల్లో చెమట.

ఆ వాసన సంగతి అడగడానికి ఆమె చోడవరంలో మెకానిక్ నూకరాజు షెడ్డుకు వెళ్ళింది. నూకరాజు బ్రేకులు విప్పి చూశాడు. తరువాత లోపలికి తొంగి చూసి, గ్రీజు వేలితో నన్ను చూపించాడు.

"ఇదుండగా బ్రేకుల్నెందుకమ్మా సంపేస్తారు? కొండెక్కినప్పుడు నొక్కండి, గేరు నిలబడతాది. దిగినప్పుడూ నొక్కండి, ఇంజనే బండిని పట్టి ఆపుతాది. కిందికొచ్చీగానే తీసీయండి. ఊళ్ళో దీనితో పనేటి నేదు. ఉత్త పెట్రోలు దండగ."

నా గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళు అంతకుముందూ లేరు, ఆ తరువాతా లేరు.

మర్నాడు కొండ మొదట్లో ఆమె వేలు నా మీద ఆనింది. నొక్కింది. నేను పలికాను. బండి గొంతు మారింది. మొదటి మలుపు, రెండోది, మూడోది, ఎక్కడా మూలగలేదు. నాలుగో మలుపు దగ్గర ఆమె ఒక్కర్తే పైకి నవ్వేసింది. "ఓరి నీ ఇల్లు బంగారం గాను," అంది నాతో. అవును, నాతోనే. కారులో ఇంకెవరూ లేరు.

మూడేళ్ళు అలాగే గడిచాయి. రోజుకు రెండుసార్లు నొక్కడం, రెండుసార్లు తీయడం. వానాకాలం పొగమంచులో దీపాలు వేసుకుని దిగేటప్పుడు ఆమె వేలు స్టీరింగుకన్నా ముందు నన్ను వెతుక్కునేది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్ల లెక్చరరుకు కూడా నా సంగతి పాఠంలా చెప్పింది. "మైదానంలో దీన్ని వాడితే షోకు, కొండ మీద వాడకపోతే తెలివితక్కువ." నేను గర్వపడ్డాను. మనుషులు ఎంత గుర్తుంచుకుంటారో తెలియక, ఆమె నాది అనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం జగ్గునాయుడు తన స్నేహితులిద్దరిని ఎక్కించుకుని అనకాపల్లి వైపు పెళ్ళికి బయలుదేరాడు. హైమావతి రాలేదు. దారిలో చెరకు ట్రాక్టరు ఒకటి రోడ్డు నడిమధ్యన నత్తలా పోతోంది. వెనక కూర్చున్నాయన నవ్వాడు. "ఏటి నాయుడూ, ఆటోమేటిక్ బండంటే ఇదేనా? మా స్కూటర్ నయం."

నాయుడికి రోషమొచ్చింది. మూడేళ్ళుగా నన్ను తిట్టినవాడు, ఇప్పుడు చటుక్కున నన్ను నొక్కాడు. "చూడండ్రా అయితే!"

నేను పలికాను. అది నా పని. కానీ అతని కాలికి మామూలు మోడే అలవాటు. అందులో ఎంత అదిమినా నిదానమే. అదే అదుము స్పోర్ట్‌లో అదిమాడు. బండి ఎగిరి ముందుకు దూకింది. అతను కుడివైపు నుంచి దాటాలని కూడా చూడలేదు, ట్రాక్టరుకు ఎడమ పక్కన మట్టి బాట మీదుగా దూరాడు. ఆ బాటలో, తన పాటికి తాను, సైకిలు మీద ఒక మనిషి వెళ్తున్నాడు. నడుముకు తాడు, హ్యాండిలుకు కొడవలి.

చప్పుడు ఒక్కటే వచ్చింది. తరువాత ట్రాక్టరు ఇంజను ఆగింది.

అతని పేరు సింహాద్రి. చుట్టుపక్కల తోటల్లో కొబ్బరికాయలు దింపుతాడు. అతని కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

ఆ సాయంత్రం పోలీసు స్టేషన్ ముందు కారు ఆగి ఉంది. అద్దాలు వేసుకుని భార్యాభర్తలు లోపల కూర్చున్నారు. ఆమెను ఫోన్ చేసి పిలిపించాడు. నాయుడి గొంతు చాలా మెత్తగా ఉంది. అతనిలో ఆ గొంతు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నేను నొక్కలేదని చెప్పాను హైమా. ఆ బటన్ దానంతట అదే నొక్కుకుపోయింది, బండి దూకేసింది అన్నాను. దానికి ముందునుంచీ ఆ జబ్బుందని నువ్వు చెప్పాలి. రోజూ నడిపేది నువ్వు. నువ్వు చెబితే నమ్ముతారు."

"దానికేం జబ్బు లేదండీ."

"నాకు తెలీదేటి? జైలుకెళ్ళమంటావా నన్ను?"

ఆమె అద్దంలోంచి స్టేషన్ మెట్ల వైపు చూసింది.

"ఒక్క మాట. మనిషి మీద చెప్పమనట్లేదు కదా. బటన్ మీద."

ఆమె అతని వైపు తిరిగి అడిగింది. "అతనికెలా ఉంది?"

"బతుకుతాడు."

"చెట్లెక్కుతాడా?"

నాయుడు తలుపు తీసుకుని దిగాడు. కొద్దిసేపటికి ఆమె కూడా దిగింది. లోపల ఏం చెప్పిందో నేను వినలేదు. కానీ తిరిగి వచ్చాక నాయుడు ఫోనులో స్నేహితుడితో అన్న మాట విన్నాను. "చెప్పేసింది. రెండు నెలల నుంచీ అలాగే దానంతట అదే నొక్కుకుపోతోందని, తనకీ రెండుసార్లు అయిందని రాయించింది. సైకిలోడు కూడా రోడ్డు మీదకి వచ్చేశాడని రాశారులే."

నాయుడు అబద్ధమాడితే నాకేమీ కాలేదు. నన్ను అతను ఏనాడూ ఎరగడు. ఆమె ఎరుగును. పొగమంచులో, బురద మలుపుల్లో, ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఒక్కసారైనా నొక్కకుండా నేను పలికానా? ఒక్కసారైనా నొక్కితే పలక్కుండా ఉన్నానా? ఆమెకన్నా బాగా ఎవరికి తెలుసు? ఆ సాయంత్రం ఇంటిదాకా ఆమే నడిపింది. వేలు నా పక్కనుంచి పోయింది గాని నా మీద ఆనలేదు.

బండిని పరీక్షించే అధికారి గురువారం వస్తాడని తెలిసింది. బుధవారమే నాయుడు కారును షెడ్డుకు తెచ్చాడు. నూకరాజు నన్ను పదిసార్లు నొక్కి చూశాడు.

"బాగానే ఉంది గదా బాబూ."

"బాలేదు. తీసెయ్. భయమేసి తీయించేశానని వాళ్ళకి చెప్పుకుంటాను."

"మంచి సరుకు బాబూ ఇది..."

"బాలేదని నేను చెబుతున్నాను కదా నూకరాజూ!"

నూకరాజు పనిముట్ల పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. స్క్రూడ్రైవరు మొన నా అంచు కింద పెట్టి పెకలించాడు. తీగలు కత్తిరించి టేపు చుట్టాడు. నేనున్న కంత మీద నల్లటి మూత బిగించాడు. నన్ను పాత స్క్రూలు వేసే పాలడబ్బాలో పడేశాడు. ఇక ఎవరు పరీక్షించినా ఏముంది? లేని బటన్ ఏమని సాక్ష్యం చెబుతుంది? చెప్పిన అబద్ధాన్ని అలా నిజం చేశారు.

నాలుగు నెలలకు హైమావతి షెడ్డుకు వచ్చింది. మనిషి చిక్కిపోయింది. "బ్రేకులు మళ్ళీ వాసన వస్తున్నాయి నూకరాజూ," అంది.

"రావేటమ్మా? దిగినప్పుడు ఆ బరువంతా బ్రేకుల మీదే పడతాది గదా ఇప్పుడు." నూకరాజు డబ్బాలో చెయ్యిపెట్టి నన్ను తీశాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. "మళ్ళీ బిగించీమంటారా? పావుగంట పని. కొండ దారి గదా."

ఆమె నన్ను చూసింది. గుర్తుపట్టింది. అక్షరం ఒక మూల ఆమె వేలికే అరిగిపోయింది, గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? ఆమె చెయ్యి కొద్దిగా లేచింది కూడా. నాలో ఉన్న ఆ చిన్న స్ప్రింగు ఎంత ఆశపడిందో చెప్పలేను.

"వద్దు," అంది. "బ్రేకులు మార్చెయ్."

చెయ్యి దించుకుని రోడ్డు వైపు తిరిగింది. కొత్త బ్రేకులు వేసినంతసేపూ అటే చూస్తూ నిలబడింది. నాకు అప్పుడర్థమైంది. ఆమెకు నా మీద కోపం లేదు, భయం. నన్ను మళ్ళీ బిగిస్తే రోజుకు రెండుసార్లు నన్ను నొక్కాలి. నొక్కినప్పుడల్లా నేను సరిగ్గా పలుకుతాను. దాన్ని ఆమె భరించలేదు. నా మంచితనమే ఇప్పుడు ఆమెకు శిక్ష. అది తెలిశాక కూడా నా బాధ తగ్గలేదు. కొండ దిగేటప్పుడు ఆమె ప్రాణానికి నేను కాపలా ఉండేదాన్ని. ఆ కాపలా కూడా వద్దనుకుంది.

వేసవిలో ఒకరోజు కర్ర సాయంతో ఒకతను షెడ్డులోకి వచ్చాడు. కాలు వంకరగా అతుక్కుంది. నడుముకు తాడు లేదు. ముందు నేను గుర్తుపట్టలేదు. గొంతు సవరించుకుని అన్నాడు.

"నాను సింహాద్రిని. నాయుడుగోరి బండి నువ్వే బాగుసేత్తావంట గదా. ఒక మాటడగాలని వొచ్చాను."

నూకరాజు స్టూలు జరిపాడు. అతను కూర్చోలేదు.

"ఆ బటన్ను నిజంగానే సెడిపోయిందా?"

నూకరాజు పాలడబ్బా అందుకున్నాడు. డబ్బా వెతికి నన్ను తీసి అతని చేతిలో పెట్టాడు. కొబ్బరి మట్టలు ఒరుసుకుని మొద్దుబారిన వేళ్ళు. సింహాద్రి నన్ను తిప్పి చూసి నొక్కాడు. 'టిక్'. మళ్ళీ నొక్కాడు. 'టిక్'. చెవి దగ్గర పెట్టుకుని మూడోసారి నొక్కాడు.

"బాగానే పలుకుతాందే," అన్నాడు.

"బాగున్నదాన్నే తీసినాను," అన్నాడు నూకరాజు నేలను చూస్తూ.

"మరి ఆఫీసరుకు సెప్పినావా?"

"నన్నెవరూ అడగనేదు."

సింహాద్రి తల ఊపాడు. అతని ముఖంలో కోపం లేదు. "నాకింకేటీ వొద్దు బాబూ. సైకిలు నానే అడ్డం తిప్పినానని రాసినారంట. మా ఇంటిది కూడా, నువ్వే సూసుకోనేదేమో అంటాది. రోజూ అంటాది. వొకవేళ నానేనేమోనని నాకే అనుమానమొచ్చీసింది. నాను బాట మీదే ఎల్తున్నాను. అది నాకు తెలుసు. తెలిసింది కూడా మరిసిపోయేలా సేసినారు." కర్ర సర్దుకున్నాడు. "ఇప్పుడెవరైనా అడిగితే సెప్తావా?"

నూకరాజు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. అంతలో ఎవరో స్కూటరు తోసుకుంటూ వచ్చారు. నూకరాజు గబగబా అటు వెళ్ళిపోయాడు.

సింహాద్రి అరచేతిలో ఉన్న నన్ను చూసుకున్నాడు. నన్ను జేబులో వేసుకుంటాడేమో అనుకున్నాను, వేసుకోలేదు. డబ్బాలోనూ పడేయలేదు. నూకరాజు పానాలు పెట్టుకునే బల్ల మీద, సరిగ్గా నడుమ, అక్షరం పైకి కనిపించేలా పెట్టాడు. కర్ర టకటకలాడుతూ వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నేను ఇక్కడే ఉన్నాను. నూకరాజు నన్ను తీసి పారేయలేదు. ఎవరితోనూ ఏమీ చెప్పనూ లేదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎన్నోసార్లు పానా కోసం ఈ బల్ల మీద చెయ్యి పెడతాడు. పెట్టిన ప్రతిసారీ, వేలు నాకు తగలకుండా చూసుకుంటాడు.