పక్కకు కూర్చునే జీను

“కూసునుడు గురించి నీకేం ఎరుక?” అన్నాడు మోషే.

ఆ మాట అన్నప్పుడు నేను తంగేడు చెక్క నానిన తొట్టిలో పిక్కల దాకా దిగి తోలు తొక్కుతున్నాను. అప్పటికే నీళ్ళు మోసి, గటక వండి, అత్త కాళ్ళకు నూనె రాసి, పేడ ఎత్తి వచ్చాను. మా ఆయన మోషే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా అత్త కృపమ్మ నులక మంచం మీద కూర్చుని ఉంది. ఆలోచిస్తే ఆయన మాట నిజమే. ఆ ఇంట్లో కూర్చోవడం గురించి తెలిసింది వాళ్ళిద్దరికే.

నేను అన్నది చిన్న మాట. డాక్టరమ్మకు నడుము నొప్పి వస్తోందంటే తప్పు జీనుదే అయి ఉంటుందేమో, ఒకసారి విప్పి చూద్దామా అన్నాను. అంతే.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. మేడ్చల్ మిషన్ ఆస్పత్రికి సికింద్రాబాద్‌లోని ఒక దుకాణం నుంచి కొత్త మోటారు సైకిలు, మేమనే ఫట్‌ఫటి, వచ్చింది. నెల రోజులు నడిపి చూడండి, నచ్చితే ఉంచుకోండి అన్నారట. దొరల సీమలో తయారైన బండి. పోలీసు దొరలు తిరిగే పెద్ద బండిలా బరువుగా ఉండదు, సైకిలుకు ఇంజను కట్టినట్టు బక్కగానూ ఉండదు, నడిమి బండి. పల్లెల టూర్లకు అదైతే సరిపోతుందని మిషన్ పెద్దలు తెప్పించారు. సుఖంగా ఉందా, దూరాలకు పనికొస్తుందా, దానికి ఇంకా ఏమేం తగిలించాలి అన్నవి రాసి నెలాఖరుకు పంపమన్నారు.

డాక్టర్ సుందరమ్మ ఎడ్లబండి మీద తిరిగే రోజుల్లో శామీర్‌పేట అవతలి ఊళ్ళకు రెండు నెలలకు ఒకసారి పోయేది. ఫట్‌ఫటి వచ్చాక వారానికి మూడుసార్లు పోతోంది. కాంపౌండరు సాలోమోను ముందు కూర్చుని నడిపితే ఆమె వెనక పక్కకు తిరిగి కూర్చునేది. అయితే ఆ వెనక ఉన్నది ఉత్త ఇనుప పీట. దాని మీదికి ఒక జీను, మందులకు రెండు సంచులు కుట్టమని మోషేకు చెప్పారు.

తాలూకా కచేరీ గుర్రాలకు జీన్లు కుట్టేవాడిగా మోషేకు పేరుంది. పేరు ఆయనది. తోలు ఊని పదును చేసేది, కోసేది, ఆరెతో పొడిచి దారం లాగేది నేను. కొలతలు ఆయన తెచ్చి ఇస్తాడు, కుట్టింది ఆయన పట్టుకుపోతాడు. పెళ్ళైన పదమూడేళ్ళలో నేను కుట్టిన జీను మీద మనిషి కూర్చోగా చూడలేదు. ఈ జీనూ అలాగే పోయింది. మూడు వారాలకు డాక్టరమ్మ నడుము పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పాస్టరు అబ్రహాం అయ్యగారు తాను రాసిన కాగితం సంఘ పెద్దలకు చదివి వినిపించారు. గడిచిన వారంలో రెండుసార్లు ఆయన కూడా సాలోమోను దగ్గర నేర్చుకుని ముందు కూర్చుని నడిపి చూశారు. “బండి సౌఖ్యముగా నున్నది. దూరప్రయాణములకు యోగ్యము. స్త్రీలు కూర్చుండుటకు మాత్రము తగినది కాదు. కావున దీనిని సువార్త పనికి వాడుకొని, డాక్టరమ్మగారికి ఎడ్లబండినే కొనసాగించుట మంచిది.” పెద్దలు తలలూపారు. మోషే కూడా ఊపాడు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద ఉన్నాను. నా పక్కన డాక్టరమ్మ తల వంచుకుని ఉంది. ఆమె చెయ్యి నడుము మీదే ఉంది. శనివారం కాగితం సికింద్రాబాద్ పోతుంది, అంతలోగా ఎవరైనా ఏదైనా చెప్పాలంటే చెప్పవచ్చునని అయ్యగారు అన్నారు. ఎవరూ చెప్పలేదు.

నేను మొదటి నుంచీ భయస్తురాలిని. ఎవరు గుమ్మం దాటినా వాళ్ళ వీపు కనబడే దాకా చూస్తూ నిలబడతాను, ఇదే ఆఖరేమో అనుకుంటాను. అది నా చెల్లెలు బుచ్చమ్మ పెట్టిపోయిన జబ్బు. దాన్ని తుర్కపల్లికి ఇచ్చాము. ఏడో నెలలో వచ్చి నాలుగు రోజులుండి పోయింది. పోయేటప్పుడు బండి వెనక కాళ్ళు వేలాడేసి కూర్చుని, మా వైపు తిరిగి, మూల మలుపు దాకా చింతకాయలు నాకుతూనే ఉంది. నొప్పులు ఒక పగలు, ఒక రాత్రి పట్టాయట. డాక్టరమ్మ ఎడ్లబండి మరునాడు మధ్యాహ్నానికి చేరింది. ఆ సంగతి డాక్టరమ్మ ఎన్నడూ ఎత్తదు, నేనూ ఎత్తను, కాని ఆస్పత్రి వాకిట్లో ఎద్దులను కడుతుంటే మా ఇద్దరి కళ్ళూ ఒకదాని నుంచి ఒకటి తప్పుకుంటాయి. ఆ ఎద్దులు మళ్ళీ కట్టబోతున్నారు. కట్టించేది నా చేతి కుట్టు. ఆదివారం పగలంతా ఆ మాటే నన్ను తిన్నది. బండి మంచిది కాకపోతే పోనీ అనుకునేదాన్ని. బండి మంచిదేనట. ఆడది కూర్చోలేకపోతే అది బండి తప్పో జీను తప్పో ఎవరూ చూడలేదు, ఆడదాని తప్పని రాసేశారు.

సోమవారం తోలు తొక్కుతూ మోషేతో నేనన్న చిన్న మాట ఇందుకే. జవాబు విన్నాక తొట్టిలోంచి దిగి, కాళ్ళు కడుక్కుని ఆస్పత్రికి పోయాను.

“డాక్టరమ్మా, నేనొక్కసారి ఆ ఫట్‌ఫటి మీద కూసుంట,” అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కింద దాకా చూసింది. “దేనికి ఎలీషమ్మా?”

“ఏడ నొస్తదో నా పానానికి తెల్వాలె.”

ఆమె నవ్వలేదు. “సాలోమోను మందులు తీస్కొని శామీర్‌పేట పోతాండు. పో. మెల్లగ పొమ్మనకు. నన్ను తీస్కపోయినట్టే తీస్కపొమ్మను.”

సాలోమోను వరసకు నాకు తమ్ముడు. అయినా మా అత్త చెవిన పడేసరికి వాకిట్లో నిలబడి నలుగురూ వినేలా అంది: “తోలు తొక్కేదానికి ఫట్‌ఫటి గావాల్నట. ఇయ్యాల శామీర్‌పేట, రేపు లండన్ పోతదేమో. రాంగ నాకొక దొరటోపి తే బిడ్డా.”

“తల కొల్త ఇయ్యి అత్తా, తెస్త,” అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. సాలోమోను దగ్గినట్టు చేసి మొహం తిప్పుకున్నాడు.

బండి కదలగానే ఎడమ చేత్తో ఇనుప పీటను, కుడి చేత్తో సాలోమోను చొక్కాను పట్టుకున్నాను. కాళ్ళు పెట్టుకునే చోటే లేదు. రెండు కాళ్ళూ గాలిలో వేలాడుతుంటే మనిషి బరువంతా ఒక తుంటి మీద పడుతుంది. ముందు చక్రం రాయి ఎక్కినప్పుడల్లా దాని గొట్టాలు లోపలికి కుంగుతున్నాయి, సాలోమోను కూర్చున్న సీటు కింద స్ప్రింగులు కుంగుతున్నాయి. వెనక చక్రం దేనికీ కుంగడం లేదు. దారిలో ఉన్న ప్రతి రాయీ నేరుగా వచ్చి నా వెన్నుపూసలో దిగుతోంది. సీతాఫలం పొదల దగ్గర గాలికి చీర కుచ్చెళ్ళు చక్రం వైపు ఎగిరాయి, ఒడిసి పట్టుకుని తొడల కింద దోపుకున్నాను. ఇక పట్టుకోవడానికి ఉన్నది ఒక్క చెయ్యే. డాక్టరమ్మ ఇలా వారానికి మూడుసార్లు, ఒళ్ళో పెట్టెతో, పోయి ఎవరికో కాన్పు చేసి మళ్ళీ ఇలాగే వస్తోంది.

“అక్కా, మంచిగున్నదా?” అని అరిచాడు సాలోమోను.

“నీకెట్లున్నది?”

“నాకు ఊయల లెక్క ఉన్నది.”

“గదే రాసిండ్రు తమ్మీ కాయితంల.”

శామీర్‌పేట చెరువు కట్ట మీద ఆపమన్నాను. దిగితే నడుము నిలవలేదు. చెరువు మీద చేపల వాళ్ళ తెప్పలు రెండు ఉన్నాయి, వాళ్ళు వల వదిలేసి మమ్మల్నే చూస్తున్నారు. చూడనీ అనుకుని జీను మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. నా తుంటికి ఏది గుచ్చుకుందో అదే చేతికి తగిలింది. నడిమిన పొడుగునా ఒక ఎత్తు. రెండు పక్కలా పీచు కూరిన దిండ్లు, మధ్యన అడుగున బోలు, పైన గట్టు.

అది నేనే కుట్టాను. గుర్రం జీను అలాగే కుడతారు. గుర్రం వెన్నెముకకు ఒత్తిడి తగలకూడదని మధ్యన బోలు వదులుతారు. మా మామ అలా కుట్టాడు, ఆయన తండ్రి అలా కుట్టాడు. మోషే ఆ కొలతలే తెచ్చాడు, నేను ఆ కొలతలకే కోశాను. ఇనుప పీటకు వెన్నెముక ఎక్కడిది? కట్ట మీద నిలబడి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్ని తరాలుగా మా ఇంట్లో జీను కుట్టింది గుర్రం నొచ్చుకోకుండా. పైన కూర్చునే మనిషి సంగతి మాలో ఎవరూ ఆలోచించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ప్రతి కుదుపుకూ కొలత తీసుకున్నాను.

వడ్రంగి యాదయ్య చేత మూరెడు వెడల్పున టేకు చట్రం చేయించాను. ఎందుకని అడిగితే చిన్న మంచమన్నాను, నిజం కూడా అదే. ఎద్దు తోలు వారులు చీరి, మంచానికి నులక అల్లినట్టు చట్రానికి అల్లాను, కూర్చుంటే కిందికి దిగి మళ్ళీ లేచేలా. దాని మీద గట్టు లేకుండా సాపుగా, పత్తి కూరిన పరుపు. కాళ్ళకు ఎడమ పక్కన తోలు పట్టీలతో వేలాడే చెక్కపలక. చక్రం ఊచలకు అడ్డంగా చీర పోకుండా వెడల్పాటి తోలు తెర. పెట్టె ఒళ్ళో మోయకుండా రెండు సంచులు కొత్తగా కుట్టాను. పాత వాటిలోకి వాన దిగుతోందని డాక్టరమ్మ అంది. బావి నుంచి నీళ్ళు తోడే మోట కుట్టినట్టు అంచులు రెండు మడతలు వేసి, ఆముదం పట్టించి, పైన మూతలు దించాను. మోటలోంచి నీళ్ళు బయటికి పోవు, సంచిలోకి రాకూడదు. పని ఒకటే.

నాలుగు రోజులు పొయ్యి ముందు, తొట్టి పక్కన, ఎక్కడ వీలైతే అక్కడ కుట్టాను. మోషే రెండు రోజులు పక్క నుంచి చూసి పోయాడు. మూడో రోజు అన్నాడు: “జీను గట్ల కుట్టరు.”

“ఇది గుర్రం గాదు,” అన్నాను.

“నవ్వులపాలు జేస్తవు నన్ను.”

“నీ పేరు చెప్పనులే,” అన్నాను. అది అన్నప్పుడు ఆయన మొహం ఎలా మారిందో నేను చూడలేదు, దారం లాగుతున్నాను.

శనివారం పెద్దలు ఆస్పత్రి వరండాలో చేరారు. కాగితం బల్ల మీద ఉంది. సంతకాలే మిగిలాయి. డాక్టరమ్మ లేచి, ఎలీషమ్మ ఒక మాట చెబుతుందట అంది. మా సంఘంలో ఆడవాళ్ళు పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు, కాగితాల దగ్గర మాట్లాడరు. కొంగు నడుముకు చుట్టుకుని ముందుకు వచ్చాను.

“అయ్యగారూ, మీరు ముంగట కూసున్నరు. ముంగట బండి మంచిదే. ఎన్క ఒక్కపారి కూసొని చూడుండ్రి. ఆడోల్లు కూసున్నట్టు, ఒక్కదిక్కు కాల్లు ఏస్కొని. అత్వెల్లి దాక పోయి రాండ్రి. గటెన్క మీరు రాసిందే ఉంచుండ్రి, నేను అడగ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు ఎర్రబడ్డారు. కాని ఆయన అన్యాయస్థుడు కాదు, పైగా పెద్దలందరూ చూస్తున్నారు. “మంచిది. పరీక్షించి మేలైనదానిని చేపట్టమని వాక్యమే చెబుతోంది,” అన్నారు.

సాలోమోను పాత జీను తగిలించాడు. అయ్యగారు తెల్లని పంచె సర్దుకుని పక్కకు తిరిగి కూర్చున్నారు. కాళ్ళు గాలిలో వేలాడాయి. ఒక చేత్తో బైబిలు, ఒక చేత్తో సాలోమోను చొక్కా. “బైబిలు లోపల పెట్టి పోండి,” అంది డాక్టరమ్మ. “ఆ చెయ్యి మీకు కావాలి. నా చేతిలో అయితే పెట్టె ఉంటుంది.” ఆయన బైబిలు ఆమెకు ఇచ్చారు.

అరగంటకు తిరిగి వచ్చారు. పంచె కొస చక్రంలో పడి చినిగింది. దిగి, వరండా స్తంభం పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు.

“ఇగ గిది చూడుండ్రి,” అని నేనే వంగి కొత్త జీను కట్టాను. ఆయన పాదాల కింద పలక ఎత్తు సరిచేశాను. ఆయన మళ్ళీ అత్వెల్లి పోయి వచ్చారు. దారిలో జల్లు పడింది. ఈసారి బండి ఆగగానే దిగలేదు, రెండు క్షణాలు అక్కడే కూర్చున్నారు. డాక్టరమ్మ సంచి మూత ఎత్తి లోపలి దూది తీసి పెద్దల చేతుల్లో పెట్టింది. ఒకరి నుంచి ఒకరికి పోయింది. పొడి దూది.

అయ్యగారు బల్ల దగ్గరికి వచ్చి కలం తీసుకున్నారు. “కింద ఒక మాట చేరుస్తాను. తగిన జీను ఉన్నచో స్త్రీలకును పనికివచ్చును అని.”

“పైన రాసింది కొట్టేయుండ్రి అయ్యగారూ,” అన్నాను. “రెండూ ఉంటే వాళ్ళు మొదటిదే సదువుతరు.”

ఆయన నా వైపు చూశారు. తరువాత పైన రాసిన వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా కొట్టేశారు. బండి డాక్టరమ్మ పర్యటనలకు అని రాశారు. డాక్టరమ్మ మొదటి సంతకం పెట్టింది. నా చేతులు ఆముదంతో జిడ్డుగా ఉన్నాయి, కొంగుకు తుడుచుకుంటూ ఉండిపోయాను. బుచ్చమ్మా, ఇక ఎద్దులు కట్టరు అని మనసులో అనుకున్నాను, ఆ పేరు తలచుకుని కూడా ఆ రోజు ఏడుపు రాలేదు.

ఒక పెద్దమనిషి మోషే భుజం తట్టి, “నీ చేతుల పనితనమున్నదయ్యా,” అన్నాడు. మోషే నేల చూశాడు. ఈ కాగితం అందాక మేడ్చల్‌కు ఇంకో మూడు బండ్లు వస్తాయని, అన్నిటికీ ఇవే జీన్లు కావాలని అయ్యగారు చెప్పారు.

ఇంటికి వచ్చే దారిలో మోషే నా ముందు నడుస్తున్నాడు. రైలు పట్టాలు దాటాక ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు: “మూడు జీన్లట. సోమారం సంది మొదలువెట్టాలె. నేను కొల్తలు తెస్త, నువ్వు కుట్టు.”

నేను ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాను.

“గుర్రాలకు నువ్వు కుట్టు,” అన్నాను. “మనుసులకు నేను కుడుత. కొల్తలు సుత నేనే పోయి తీస్కుంట.”