కొక్కానికి ఉన్న చీర

స్వరూప ఏం అడిగినా అత్త సుందరమ్మ దగ్గర జవాబు ఒకటే: "మరి బర్రెను ఎవరు పిండుతరు?" తమ్ముడి బిడ్డ తొట్టెల పండుగకు రెండు రోజులు ఉండి వస్తానన్నా అదే మాట, జ్వరంతో పడుకుంటానన్నా అదే మాట. గౌలిపురలో ఆ ఇంటిది మూడు తరాల పాల వ్యాపారం. ఇప్పుడు మిగిలింది ఒక్క బర్రె, పదకొండు వాడుక ఇళ్లు. శివరాత్రికి దుడ్డె చచ్చిపోయినప్పటి నుంచి ఆ బర్రె స్వరూప చేతికి తప్ప చేపదు. ఇంకెవరు పొదుగు పట్టినా పాలు ఎగబట్టుకుని కాలు ఝాడిస్తుంది. "నీది లక్ష్మి చెయ్యే" అని అత్త పొగిడితే మొదట్లో స్వరూప మురిసిపోయింది కూడా. పిచ్చిది! ఆ పొగడ్తే తన మెడకు పలుపని తర్వాత గానీ తెలియలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం షాద్‌నగర్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగూకకముందే ఎత్తాలంటున్నరు, జల్ది రా." స్వరూప ఏడుస్తూ సంచి సర్దుకుంటుంటే అత్త గడపలో నిలబడింది. "పిండి పో. గంటల ఏమైతది?" భర్త బాలరాజ్ బకెట్ తెచ్చి ముందు పెట్టాడు. కళ్లు తుడుచుకుంటూ పిండింది, పదకొండు ఇళ్లకూ పోసింది, బస్సెక్కింది. దిగాక చెప్పులు చేతబట్టుకుని ఇంటి దాకా ఉరికింది. వాకిట్లో నీళ్లు చల్లి ఉన్నాయి. తల్లి ముఖం చూడలేదు.

ఆ పరుగు మళ్లీ ఆగలేదు. పొద్దున పాలు పోసి ఖాళీ క్యాను వాడుక ఇంట్లోనే పెట్టి, గల్లీల వెంట అఫ్జల్‌గంజ్ వంతెన దాకా ఉరికి వచ్చేది. చాయ్ హోటల్ భాయ్ మొదటి రోజు "క్యా హువా అమ్మా, బస్ ఛూట్ గయీ?" అని, బస్సు తప్పిపోయిందనుకుని అడిగాడు. బాలరాజ్‌కు తెలిసిన రోజు ఇల్లంతా లొల్లి. "నలభై ఏండ్లొచ్చినయ్. ఎవరు తరుముతున్నరని ఉరుకుతున్నవ్? పెండ తొక్కే కాళ్లకు బూట్లొకటా?" ఉరుకుతున్నంతసేపు ఆలస్యం కాలేదేమో, ముఖం ఇంకా చూడొచ్చేమో అనిపిస్తుందని ఆయనతో ఎట్లా చెప్పడం? వాడుక ఇళ్లలో ఒకరైన రాహేలు టీచర్, బడిలో ఆటలు నేర్పే మనిషి, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగుకు ఆమె పేరు రాయించింది. "ఒక్కటి మొత్తం నీ కోసం పూర్తి చెయ్యి స్వరూపా" అంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెతో ఎవరూ అనని మాట అది.

నవంబర్‌లో ఆ ఆదివారం రానే వచ్చింది. "ఒక్క పూట నేను పిండలేనా?" అని బాలరాజ్ మీసం తిప్పాడు. తవుడు, బెల్లం కలిపి కుడితి సిద్ధం చేసి స్వరూప చీకటితోనే బయలుదేరింది.

పద్నాలుగో కిలోమీటరు బోర్డు దగ్గర ఫోన్ మోగింది. "ఎగబట్టింది! తన్నితే బకీటు పోయి గోడకు తాకింది. వాడుకోళ్లు వాకిట్ల నిలవడ్డరు. ఆటో ఎక్కి రా." బాలరాజ్ అంతే అని పెట్టేశాడు. వెనక నుంచి, ఆగిపోయినవాళ్లను ఎక్కించుకునే బస్సు మెల్లగా వస్తోంది. మోకాళ్లు మండుతున్నాయి, బొటనవేలి గోరు లేచిపోయింది. ఇక్కడ ఆగితే ఈ జన్మకు ఇంకో పరుగు ఉండదని ఆమెకు తెలుసు. అయినా కాళ్లు రోడ్డు పక్కకు నడిచాయి, చెయ్యి తనంతట తానే లేచింది. అలవాటు ఎంత పాడుది! ఆటో ఆగింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అత్త. "ఆటో ఎక్కినవా? నువ్వొచ్చేదాంక వాడుకోళ్లు ఆగేటట్టు లేరు. నీ పాలు పిండే చీర ఏడున్నది? వానికి కట్టి కూసోవెడ్త. నాకు కాన్పులైనప్పుడు మీ మామ గిట్లనే నా చీర కట్టుకోని పిండెటోడు. ఆ వాసనకు చేపుతది."

ఉపాయం ఉంది. ఈవిడకు నలభై ఏళ్లుగా తెలుసు. ఇవాళ వాడుకవాళ్లు వాకిట్లో నిలబడేసరికి గుర్తొచ్చింది. ఆ రోజు షాద్‌నగర్‌లో అమ్మ పాడె మీద ఉంటే మాత్రం గుర్తు రాలేదు. లేక గుర్తొచ్చే ఊరుకుందా? కోడలు ఉండగా కొడుక్కి చీరెందుకు కట్టాలనుకుందా? ఒక్క చీర అందుకుంటే సరిపోయేదానికి తను పొదుగు కింద కూర్చుని, చెంపల మీద కారినవి కారినట్టే వదిలేసి, చివరి ధార దాకా పిండింది. అమ్మా, నీ ముఖం ఒక్క బకెట్ పాలకు పోయింది.

"ఏమే, ఇనవడుతుందా? చీర ఏడున్నది?"

"కొక్కానికే ఉన్నది అత్తమ్మా," అంది స్వరూప. "ఆ రోజు గుడ గాడనే ఉండె."

"ఏ రోజే?"

ఆటో అతను "బైఠో అమ్మా" అన్నాడు. స్వరూప తల అడ్డంగా ఊపింది.

"ఆయనకు కుచ్చిళ్లు పెట్టుడు మంచిగ నేర్పుండ్రి అత్తమ్మా. సాయంత్రం గుడ ఆయనే కట్టుకోవాలె."

ఫోన్ ఆపేసింది. బస్సు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ రోడ్డెక్కి ఉరికింది. ఇంకా ఏడు కిలోమీటర్లు.