చన్నీళ్ళ కుళాయి

కేక వినబడలేదు.

వెర్నా టిబెట్స్ బల్ల దగ్గర కూర్చుని కరపత్రాలు మడత పెడుతూ చెవి అటే వేసి ఉంచింది. మ్యూజియంలో చేతులు కడుక్కునే గదిలోకి కొత్తమనిషి ఎవరు వెళ్ళినా కాసేపట్లో ఒక కేక రావాలి. గుంబరీలో అది ఆనవాయితీ. భూమిలోంచి తనంతట తానే ఎగదన్నుకొచ్చే బోరు నీళ్ళు కుళ్ళిన గుడ్ల కంపుతో, పొగలు కక్కుతూ నేరుగా నీలి చుక్క కుళాయికి వస్తాయి. ఎర్ర చుక్క కుళాయికి వచ్చేవి పెరట్లో ట్యాంకులో నిలవుండి చల్లారిన నీళ్ళు. ఊళ్ళో పుట్టినవాళ్ళకు ఎరుపంటే చలవ, నీలమంటే మంట. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడనే మాట ఇక్కడ ఏవి ఏ కుళాయిలో వస్తాయో తెలిశాకే పనికొస్తుంది.

కిటికీ బయట బెంచీమీద కొల్ స్ట్రాకన్ కూర్చునున్నాడు. గొర్రెల ఉన్ని కత్తిరించి కత్తిరించి నడుం వంగిపోయిన మనిషి. పొద్దున కొలనులో నానడం, తరువాత ఆ బెంచీమీద ఆరడం, లోపలినుంచి వచ్చే కేకలకు మార్కులు వెయ్యడం ఆయన పని.

"ఏమే వెర్నా, ఆవిడ లోపల నిద్రపోయిందా?"

"నీళ్ళ చప్పుడైతే అవుతోంది."

"మరి కేకేదీ? నాకివాళ ఇంకా బోణీ కాలేదు."

వెర్నా లేచి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. వచ్చినావిడకు తన ఈడే ఉంటుంది. స్వెట్టరు చేతిని వేళ్ళ మీదికి లాక్కుని, ఆ ఉన్ని మీదుగా నీలి కుళాయిని పట్టుకుని ఉంది. ఎర్ర కుళాయి మీద రెండో చెయ్యి ఉత్తదే. రెండూ కలిపి చేతులు కడుక్కుంది. రోజూ చేసే పనిలా చేసింది. కానీ కట్టేశాక కదల్లేదు. కుళాయి వంక చూస్తూ నిలబడింది.

వెర్నా వెనక్కి వచ్చి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నీలిదాన్ని గుడ్డతో పట్టుకుంది, కొల్. ఎవరూ చెప్పకుండానే."

"మన ఊరి మనిషి కాదే."

"కాదు. కారవాన్‌లో వచ్చింది. దాని నంబరు విక్టోరియా రాష్ట్రానిది."

"అయితే టార్బెట్ మీదుగా వచ్చినదే. కీత్ పంపుంటాడు, ముందు వేగు, వెనక బండి." కొల్ టోపీ సర్దుకున్నాడు. "టీ మాత్రం ఇవ్వకు."

కీత్ డన్‌ఫీ టార్బెట్‌లో ఉంటాడు. ఆ ఊరు నదిమీద ఉంది. అక్కడ కొత్తగా కట్టిన ప్రదర్శన హాలుకు ఆయనే పెద్ద. ఈ మధ్యాహ్నం తన ట్రక్కు వేసుకొచ్చి మ్యూజియంలోని స్నానాల తొట్టిని ఎక్కించుకు పోతానని కబురు చేశాడు. జిల్లా పర్యాటక కమిటీ ఒప్పుకుంది కూడా. కాదనడానికి గుంబరీ దగ్గర ఆధారముంటే బండి వచ్చేలోపు చూపించాలి.

వెర్నా మడత పెడుతున్న కరపత్రంలో గుంబరీలో చూడవలసినవి నాలుగే ఉన్నాయి. వేడినీళ్ళ కొలను, గోడలకు బొమ్మలేసిన గోధుమ గోదాములు, రేకులతో చేసిన ఈము పక్షి, చివరకు ఈ తొట్టి. మొదటి మూడూ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా కనిపిస్తాయి. నాలుగోది కనపడదు. సింహపు పాదాలమీద నిలబడ్డ ఆ తొట్టిలో, రైలు వచ్చే రోజుల్లో, మదామ్ ఓరెల్ అనే గాయని స్నానానికి దిగిందని, చన్నీళ్ళనుకుని కుళాయి తిప్పి కాలు కాల్చుకుని కేక పెట్టిందని, ఆ కేక ఆవిడ ఏ వేదికమీదా అందుకోనంత పై స్వరమని, గోదాము దగ్గర కుక్కలు కూడా లేచి నిలబడ్డాయని గుంబరీ చెప్పుకుంటుంది. చెప్పింది ఈడీ, మదామ్ బస చేసిన పబ్బులో అప్పటి పనిపిల్ల. వెర్నాకు నాయనమ్మ.

చిక్కంతా ఈడీతోనే. వరదలో పడి ఒంటె మీద తేలొచ్చానని చెప్పిన మనిషి, బిషప్పుగారితో పేకాడి గెలిచానని చెప్పిన మనిషి. మదామ్ రెండు ఊళ్ళలోనూ పాడింది. కాలింది టార్బెట్ హోటల్లోనే, అక్కడ బాయిలరు ఎక్కువ మండింది, మీ నాయనమ్మ ఆ కథని ఎత్తుకుపోయింది అంటాడు కీత్. ఆ హోటలు సామాను వేలం వేసినప్పుడు ఒక తొట్టి గుంబరీ వాళ్ళే కొన్నారని కూడా అంటాడు. తొట్టి పోతే పోయింది. నాయనమ్మ దొంగ అనే మాట వెర్నాకు మింగుడు పడలేదు.

కొత్తావిడ వచ్చి తొట్టి ముందు నిలబడింది. పేరు హెస్టర్ లోమండ్ అని చెప్పింది. చుట్టూ కట్టిన తాడు దాటి లోపలికి వంగి కుళాయిల మీది పింగాణీ బిళ్ళలు చూసింది.

"తాకొచ్చా అండీ?"

"తాకండి. నీళ్ళు రావు."

"మదామ్ ఇందులో ఏ కుళాయి తిప్పింది?"

"మీరెందుకడుగుతున్నారు?"

"నిన్న టార్బెట్‌లోనూ అడిగాను. వేడిదన్నారు."

వెర్నా కరపత్రాల కట్టను బల్లకేసి తట్టి సరిచేసింది. "ముందు నేనొకటి అడుగుతాను, మీరేమీ అనుకోకండి. ఇందాక నీలి కుళాయిని స్వెట్టరు చేత్తో ఎందుకు పట్టుకున్నారు? కీత్ చెప్పాడా?"

"ఏ కీత్?" హెస్టర్ తన చేతివంక చూసుకుంది. "అదా? అలవాటు. మా ఇంట్లో అందరం అంతే."

"మీ ఇంట్లో బోరు నీళ్ళా?"

"లేదండీ, మెల్‌బోర్న్. చన్నీళ్ళ కుళాయిలో చన్నీళ్ళే వస్తాయి."

"మరి గుడ్డెందుకు?"

"అదే కదా తెలుసుకుందామని బయల్దేరాను." హెస్టర్ నవ్వింది. "మా చిన్నమ్మమ్మ నేర్పింది. ఆవిడ స్నానాలగదిలో చన్నీళ్ళ కుళాయికి ఎప్పుడూ ఒక గుడ్డ వేలాడుతుండేది. వేడిదాన్ని మాత్రం ఉత్తచేత్తో తిప్పేది. పిల్లలం నవ్వితే, 'నవ్వండి, చన్నీళ్ళని నమ్మినవాళ్ళకు తెలుస్తుంది' అనేది. మా అమ్మ అలాగే చేసింది, నేనూ అలాగే చేస్తున్నాను. మా మనవలు కూడా. ఎందుకో మాలో ఒక్కరికీ తెలీదు."

కిటికీలోంచి కొల్ తల కనిపించింది. "మీ చిన్నమ్మమ్మ ఏం చేసేదమ్మా?"

"పాడేది. మాకు విన్నీ. వేదికమీద మదామ్ ఓరెల్."

కొల్ టోపీ తీశాడు. వెర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏ ఊళ్ళో కాలిందో ఆవిడ చెప్పలేదా?" అంది.

"ఊరు గుర్తులేదండీ. రోజుకొక ఊరు తిరిగే మనిషికి ఏ ఊరని గుర్తుంటుంది? గుడ్లు కుళ్ళిన వాసన, రేకుల గది, కుళాయి, ఇంతే చెప్పేది. టార్బెట్‌లో నీలిది తిప్పాను. చన్నీళ్ళు. ఇక్కడ తిప్పాను. ఉన్ని మీదుగా వేడి తగిలింది." ఆవిడ అరచేయి చూపించింది. "ఇన్నేళ్ళుగా ఊరికే పట్టుకుంటున్న గుడ్డకు ఇవాళ పని పడింది."

"అయితే మా నాయనమ్మ చెప్పింది నిజం."

"మీ నాయనమ్మా?"

"ఈడీ. ఆ పబ్బులో పనిపిల్ల. కేక విని మొదట పరిగెత్తుకెళ్ళింది ఆవిడే."

హెస్టర్ తొట్టి అంచుమీద చెయ్యి వేసి, తీసింది.

"ఏంటి?" అంది వెర్నా.

"కేక ఎవరిదని చెప్పేది ఆవిడ?"

"మదామ్‌ది. ఊరంతా విన్నారు. కుక్కలు లేచాయి."

"చిన్నమ్మమ్మ అరవలేదండీ. సాయంత్రం కచేరీ ఉంది. గొంతు పోతుందని తువ్వాలు నోట్లో కుక్కుకుంది. నొప్పికంటే ఆ తువ్వాలు రుచే గుర్తుందనేది. అరిచింది బకెట్టు పట్టుకొచ్చిన పిల్ల. ఎర్రబడ్డ కాలు చూసి."

బయట గలా చిలుకలు ట్యాంకు మీద వాలి గోల చేస్తున్నాయి. కొల్ వాటిని అదిలించాడు.

"చూసుకుని చెప్పమ్మా. ఆ కేక పోతే ఇంక ఈ ఊళ్ళో మిగిలేది నేనూ, ఆ రేకుల ఈమూనే."

"ఎలాంటి కేక?" అని వెర్నా హెస్టర్‌ని అడిగింది.

"అదే చెప్పేది ఎప్పుడూ. కాలు కాలుతున్నా చెవి అటే పోయిందట. అంత పైకి వెళ్ళిన స్వరం, ఎక్కడా పగల్లేదట. 'నీ గొంతులో అంతుందని నీకు తెలుసా పిల్లా' అని అడిగితే ఆ పిల్ల బకెట్టు వదిలేసి పారిపోయిందట. మర్నాడు రైలెక్కేముందు పబ్బులో అడిగించిందట కూడా. ఆ అమ్మాయి ఇవాళ పనిలోకి రాలేదన్నారు."

బయట ట్రక్కు వచ్చి ఆగింది.

కీత్ డన్‌ఫీ తాళ్ళు భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. దారిలో టైరు మార్చుకున్నట్టున్నాడు, చేతులు నల్లగా ఉన్నాయి.

"నన్ను తిట్టుకోకు వెర్నా. కమిటీ మాట. అక్కడైతే దానికి ఏసీ గది కట్టాం."

"తొట్టికి ఏసీ ఎందుకయ్యా, అదేమన్నా నానుతోందా?" అన్నాడు కొల్ బయటనుంచి.

"ఈవిడ మదామ్ ఓరెల్ మనవరాలు, కీత్. అక్క వరసలో," అంది వెర్నా. "కాలింది చన్నీళ్ళ కుళాయితో అంటోంది. వాళ్ళింట్లో ఇప్పటికీ ఆ కుళాయిని గుడ్డతోనే పట్టుకుంటారట."

కీత్ హెస్టర్‌ని పైనుంచి కిందికి చూశాడు. "అలాగా. దణ్ణాలమ్మా. ఇంకేమన్నారు?"

వెర్నా లెక్క వేసుకుంది. కాలింది ఇక్కడేనని చెప్పి ఊరుకుంటే తొట్టి ఉంటుంది, కేకా ఉంటుంది. హెస్టర్ ఆవిడ మొహంవైపే చూస్తోంది, తనంతట తాను చెప్పేలా లేదు.

"మదామ్ అరవలేదట," అంది వెర్నా. "అరిచింది మా నాయనమ్మట."

"చూశావా!" కీత్ తాళ్ళు కిందపడేశాడు. "ఈడీ కోతలు కోసిందని నేను ముందునుంచీ చెప్పడం లేదూ? కేక అబద్ధమైతే కుళాయి మాత్రం నిజమని ఏముంది? ఇది కూడా ఒంటె మీద వచ్చిందే. ఉండు, చేతులు కడుక్కొస్తా, ఎత్తుదాం."

చేతులు కడుక్కునే గదిలోకి వెళ్ళాడు. వెర్నా నోరు తెరిచి, మూసుకుంది. కొల్ కిటికీలోంచి సగం లోపలికి వంగాడు.

కేక వినబడింది.

"నాలుగు," అన్నాడు కొల్. "తెలిసినవాడు కాబట్టి నాలుగు. లేకపోతే ఆరు వేద్దును."

కీత్ వేళ్ళు దులుపుకుంటూ బయటకొచ్చాడు. ఎవరూ నవ్వలేదు, కొల్ తప్ప. వెర్నా ఎర్ర కుళాయి తిప్పి గుడ్డ తడిపి తెచ్చి ఆయన వేళ్ళకు చుట్టింది.

"చిన్నప్పటినుంచీ ఈ ఊరు వస్తున్నావు కదా కీత్," అంది.

"ఏదో ఆలోచిస్తూ తిప్పాను. చెయ్యి దానంతటదే నీలిదానిమీదికి పోయింది."

"మీ ఊళ్ళో చన్నీళ్ళ కుళాయితో ఎవరన్నా కాలతారా?"

కీత్ గుడ్డ తడి ఆరేదాకా తొట్టి పక్కనే నిలబడ్డాడు. తరువాత హెస్టర్ వైపు తిరిగి, "ఇంట్లో ఆ గుడ్డ సంగతి మీరు కమిటీకి చెబుతారామ్మా?" అని అడిగాడు.

"చెబుతాను. కేక సంగతి కూడా చెబుతాను."

"కేక మాత్రం..." అని ఆగాడు. "సర్లెండి." తాళ్ళు చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "ఒంటె సంగతైతే నేనొప్పుకోను," అన్నాడు.

ట్రక్కు వెళ్ళిపోయింది. వెర్నా టీ పెట్టింది. కొల్ తనకూ కావాలన్నాడు.

"మీ నాయనమ్మ పాడేదా?" అని హెస్టర్ అడిగింది.

వెర్నా కప్పు కింద పెట్టింది. ఆదివారాలు చర్చిలో నాయనమ్మ పక్కన నిలబడేది తను. కీర్తనల పుస్తకం తెరిచి ఉండేది, ఆవిడ పెదవులు కదిలేవి, ఏమీ వినిపించేది కాదు. ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలందరూ కేక వేసి చూపించమని పట్టుపట్టేవారు. ఒంటెను అనుకరించి చూపించేది, బిషప్పు గొంతు చేసి చూపించేది. కేక దగ్గర మాత్రం, "నాది అలాంటి గొంతు కాదు, మీరే వెయ్యండి," అని తప్పుకునేది. పిల్లలు గొంతులు చించుకునేవారు. ఆవిడ తల అడ్డంగా ఊపేది. ఇంకా పైకి, అనేది. అది కాదు, ఇంకా పైకి.

"ఏనాడూ పాడలేదు," అంది వెర్నా. "మర్నాడు పనిలోకెందుకు వెళ్ళలేదో అది కూడా చెప్పలేదు."

"భయపడిందేమో."

"ఒంటె మీద వరద దాటిన మనిషి!" అన్నాడు కొల్.

సాయంత్రం ఒక బస్సు వచ్చింది. కొలనులో నానిన జనం తడి జుట్టుతో లోపలికొచ్చి తాడు చుట్టూ నిలబడ్డారు. వెర్నా ఎప్పటిలాగే రైలుతో మొదలుపెట్టింది. పింగాణీ బిళ్ళలు చూపించింది. బోరు గొట్టం ఏ కుళాయికి వస్తుందో చెప్పింది. మదామ్ కాలు లోపల పెట్టింది, నీళ్ళు మీద పడ్డాయి అనేదాకా మాట తడబడలేదు. ఎప్పుడూ ఆ తరువాత ఆగి, గోదాము వైపు వేలు చూపించి, కుక్కలు లేచాయి అనేది.

"అప్పుడు మదామ్ కేక వేసిందా?" అని ముందు వరసలో ఒకాయన అడిగాడు. కరపత్రం చదివినట్టున్నాడు.

"లేదు," అంది వెర్నా. "ఆవిడ తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. తలుపు దగ్గర బకెట్టుతో ఒక పిల్ల ఉంది. పేరు ఈడీ."

హెస్టర్ వెనక వరసలో నిలబడి వింటోంది.