ఆరో మాట

మావారు విలేకరి. ఇంటికి తాళం వేయడం మర్చిపోయేవారు గానీ, పని సంగతులకు మాత్రం తాళం మీద తాళం వేసేవారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఏ వార్త ఎవరిచ్చారో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు" అని నవ్వేవారు. నిజమే మరి. పక్కింటి కుక్క ఈనిందని వీధంతా చెప్పింది నేనే.

ఆయన పోయి ఆరు వారాలయింది. ఆఫీసుకు వెళుతూ బస్సులో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

ఆ శనివారం పొద్దున పదింటికి గుమ్మం ముందు ఒకావిడ నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. విప్పిన చెప్పుల్ని ఎందుకో రెండుసార్లు సర్దింది.

"వదినా, అన్నయ్య నన్ను దాచిపెట్టి కాపాడారు. ఇప్పుడు ఆ దాచడమే నా మెడకు చుట్టుకుంది" అంది.

పేరు చెప్పబోతే వద్దన్నాను. ఆయన ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో అదే పద్ధతి. ఆయన పోయారని మార్చడానికి మనసొప్పలేదు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక సంగతి చెప్పింది. పెద్దాసుపత్రిలో మందుల గది చూసుకునే ఫార్మసిస్టట. గడువు దాటిన ఇంజెక్షన్ల మీద కొత్త తేదీల చీటీలు అంటించి వార్డులకు పంపడం చూసింది. ఆ చీటీలనూ, పైఅధికారి సంతకమున్న రిజిస్టరు పేజీలనూ ఫోన్లో ఫోటోలు తీసి మావారికి ఇచ్చింది. ఫోటోలు వేయకుండానే వార్త వచ్చింది. ఆమె పేరు ఎక్కడా రాలేదు. అచ్చుకు ముందే మావారు ఆమెను కూర్చోబెట్టి, ఫోన్లో ఉన్న ఫోటోలన్నీ చెరిపించారట. నీ దగ్గర ఏమీ మిగలకూడదు, ఫోను లాక్కుంటే ముందు దొరికేది నువ్వే అన్నారట.

ఇప్పుడు రిజిస్టర్లో ఆ పేజీలు లేవు. చీటీలు అంటించింది ఈవిడేనని ఆసుపత్రివాళ్ళు తేల్చేశారు. సోమవారం విచారణ. ఆమె మాట నిజమని చూపించే ఫోటోలు ఈ లోకంలో ఒక్క చోటే ఉన్నాయి, మావారి డ్రైవులో.

అది ఆయన బల్ల సొరుగులోనే ఉంది. కంప్యూటరుకు తగిలించే అగ్గిపెట్టెంత డబ్బా. ఇన్నాళ్ళూ దాని మీద దుమ్ము తుడవడం తప్ప నాకేమీ తెలియదు. ఆయన స్నేహితుడు, పత్రికలో వార్తలు దిద్దే ఆయనకు ఫోన్ చేశాను. అందరూ ఆయన్ను కత్తెర అంటారు. వార్తనే కాదు, ఎదుటివాడి మాటను కూడా సగంలో కోసేస్తాడు. గంటలో లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

ఆ ఫోటోలు ఎన్‌క్రిప్ట్ చేసి ఉన్నాయని, అంటే తాళం మాటలు లేకుండా తెరిస్తే పిచ్చి అక్షరాలు తప్ప ఏమీ కనబడదని చెప్పాడు. ఆరు మాటలు వరుస తప్పకుండా కొట్టాలి. పదిసార్లు తప్పు కొడితే డ్రైవు తనంతట తానే లోపలున్నదంతా చెరిపేసుకుంటుంది. మావారు పోయిన వారంలో కత్తెర ఆఫీసు తరఫున వచ్చి మూడుసార్లు ప్రయత్నించి ఆపేశాడట. అప్పుడు నాకు దేని మీదా ధ్యాస లేదు. మిగిలినవి ఏడు.

"ఎక్కడా రాసిపెట్టలేదా అన్నయ్యగారూ?" అని అడిగాను.

"ఎన్నిసార్లు పోట్లాడానో చెల్లెమ్మా. కాగితం పోతుంది, ఫోను పోతుంది, తల ఎక్కడికి పోతుందిరా అనేవాడు. తల కింద గుండె ఒకటి ఉంటుందని మర్చిపోయాడు వెధవ" అని కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడు నాకు పాచిక గుర్తొచ్చింది.

కిందటేడాది ఒకరోజు, మా అమ్మాయి చిన్ననాటి ఆటపెట్టెలోంచి పాచిక తీసి, మావారు భోజనాల బల్ల మీద వేస్తూ కూర్చున్నారు. పక్కన వేల మాటల జాబితా ఒకటి. పడిన అంకెల్ని బట్టి జాబితాలోంచి మాట ఏరుకోవడం. ఎవరి రాజ్యం గెలుస్తున్నారని ఎగతాళి చేశాను. మనిషి ఏరుకున్న మాటను ఇంకో మనిషి ఊహించగలడు, పాచిక ఏరిన మాటను ఎవరూ ఊహించలేరు అన్నారు.

ఆ మర్నాటి నుంచి రెండు వారాలు, పొద్దున గడ్డం గీసుకుంటూ ఏదో గొణిగేవారు. దేవుడి గదికి, అద్దం ఉన్న గదికి మధ్య ఒక్క గోడే. ఏనాడూ చేతులు జోడించని మనిషి జపం మొదలెట్టారని ఎంత మురిసిపోయానో. రెండో రోజు చెవి ఒగ్గితే గొడుగు అని, ఇటుక అని వినబడింది. ఇదేం జపమండీ అని అడిగాను.

"నాకొచ్చిన జపం ఇదే. నువ్వు వినకు. రేపెవరైనా అడిగితే తెలియదని అబద్ధం చెప్పాలి. నీకు అబద్ధం రాదు."

వినకూడదనుకున్నాను. అందుకని ఆయన మొదలుపెట్టగానే నా ప్రార్థన గట్టిగా చదివేదాన్ని. అయినా ఊపిరి తీసుకోవాలి కదా. చరణానికీ చరణానికీ మధ్య ఆగినప్పుడల్లా గోడ అవతల నుంచి ఒక్కో మాట జారిపడేది. రోజూ అదే వేళ, అదే వేగం, అవే సందులు.

ఈ సంగతి చెప్పగానే ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. "చదువు చెల్లెమ్మా" అన్నాడు కత్తెర. ఈసారి కోయకుండా విన్నాడు.

భోజనాల బల్ల ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చదివాను. మొదటి చరణం చివర ఆగితే, గొడుగు. రెండో దాని చివర, ఇటుక. తర్వాత పావురం. జల్లెడ. దూది. అయిదూ అద్దం మీద ఆవిరి తుడిచినట్టు వచ్చాయి. ఆ తర్వాతది "దాచేదీ నీవే, చూపేదీ నీవే" అనే చరణం. దాన్ని నేనెప్పుడూ గొంతెత్తి, ఊపిరి ఆపకుండా చదువుతాను. ఆరో మాట దాని కింద పడిపోయింది.

నాలుగుసార్లు చదివాను. చివర ఆయన గొంతు, బరువు దించుకున్నవాడిలా కిందికి దిగడం గుర్తుంది. అంతే. జాబితాలో ఏడువేల పైన మాటలున్నాయని కత్తెర అన్నాడు.

దువ్వెన అనుకున్నాం. కాదు. చీపురు. కాదు. నిచ్చెన, గంప, కుండ, తలగడ. ఒక్కోటి కొట్టినప్పుడల్లా ఫార్మసిస్టు పెదవులు కదిలేవి. ఆరూ పోయాయి. ఇంకొక్కటే మిగిలిందని తెర మీద వచ్చింది.

అప్పుడు నా మనసులోకి దీపం అనే మాట వచ్చింది. వచ్చి కదలలేదు. చెప్పాను. కత్తెర వేళ్ళు అక్షరాల మీదికి వెళ్ళాయి. ఆమె ఆయన చెయ్యి ఆపింది.

"నిజంగా విన్నారా వదినా?"

అవునని చెప్పగలిగి ఉంటే బాగుండేది. నేను విన్న మాటో, పొద్దస్తమానం దేవుడి ముందు కూర్చుంటాను కాబట్టి నేను కోరుకున్న మాటో నాకే తెలియలేదు. ఆ సంగతే చెప్పాను. నాకు అబద్ధం రాదు.

ఇందులో తనవి కాక వేరేవాళ్ళవి కూడా ఉన్నాయా అని కత్తెరను అడిగింది. ఎవరివో తెలియదు గానీ ఉన్నాయన్నాడు. అవి చెరిగిపోతే వాళ్ళ గతి కూడా నీలాగే అవుతుందని చెప్పలేక, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆమె ఆ అగ్గిపెట్టెంత దాన్ని లాప్‌టాప్ నుంచి ఊడదీసి నా ముందు పెట్టింది.

"ఉండనివ్వండి. రేపు ఇంకొకరెవరో ఇలాగే మీ గుమ్మం ముందు నిలబడొచ్చు. ఆనాటికి మీకు గుర్తొస్తుందేమో."

వెళ్ళేటప్పుడు చెప్పులు సర్దుకోలేదు.

సోమవారం నేను కూడా విచారణకు వెళ్ళాను. మీరేం చూశారమ్మా అని అడిగారు. ఫోటోలు చూడలేదు, పాచిక చూశాను. అదే చెప్పాను. ఒకాయన నవ్వు ఆపుకున్నాడు. నెల తిరక్కుండా ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడెక్కడో చిన్న మందుల దుకాణంలో ఉందట. ప్రతి మందూ వెలుతురుకు పట్టుకుని, తేదీ చూసిగానీ ఇవ్వదని, ఆలస్యమవుతోందని జనం విసుక్కుంటారని కత్తెర చెప్పాడు.

వినొద్దన్న మనిషి మాట విన్నాను. దేవుణ్ణి గట్టిగా పిలిచాను. ఇందులో తప్పేదో నాకు తెలియడం లేదు. ఒకరిని దాచిన తాళమే వారిని ముంచితే, తాళం వేసినవాడి పుణ్యం ఏమవుతుందో ఆ పైవాణ్ణి రోజూ అడుగుతున్నాను. ఆయన కూడా మావారిలాంటివాడే. ఏదీ చెప్పడు.

డ్రైవు సొరుగులోనే ఉంది. పొద్దున ప్రార్థనలో ఆ చరణం రాగానే ఇప్పుడు గొంతు తగ్గిస్తాను. ఒక్కోసారి పూర్తిగా ఆపేస్తాను. గోడ అవతల కుళాయి చుక్క పడుతుంది. మళ్ళీ ఇంకొకటి. ఆగి, వింటాను.