పిండి కలిసిన ఇంగువ

"చదువుకున్నదాని చేతికి చారు ఎక్కడ కుదురుతుంది?"

మా అత్తగారు నాగేంద్రమ్మగారు ఈ మాట అన్నప్పుడల్లా నేను పోపు గరిటె కడుగుతూ ఉండేదాన్ని. 1937 నాటికి ఆ మాటకు ఆరేళ్ళు. కోపంతో అనేవారు కారు; వాన వస్తోందని చెప్పినట్టు చెప్పేవారు. నేనూ నమ్మాను. పరీక్షలు పాడవుతాయని మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. ఆ తర్వాత మద్రాసులో చరిత్ర బి.ఏ. చదివినన్నాళ్ళూ హాస్టలు భోజనం. అమ్మ చారు రుచి గుర్తుండటం వేరు, ఆ రుచి ఎందువల్ల వచ్చిందో తెలియటం వేరు. నా దగ్గర మరో కారణం లేదు గనక అత్తగారు చెప్పిన కారణాన్నే ఒప్పుకున్నాను. తప్పుడు కారణాన్ని ఒప్పుకుంటే దాని ఫలితం ఒప్పుకున్న మనిషి దగ్గరే ఆగదు. అది నాకు ఆ దసరా సెలవుల్లో తెలిసింది.

మా ఆడపడుచు హైమవతికి పన్నెండేళ్ళు. లెక్కల్లో క్లాసుకు మొదటిది. "మన వంటింటికి చదువుకున్న చెయ్యి ఒకటి చాలు. సెలవులయ్యాక దీన్ని బడికి పంపను," అన్నారు అత్తగారు. పిల్ల ఏడవలేదు, నా వైపు చూసింది. దాని చదువుకు అడ్డం పడింది నా చారు.

మా ఆయన వెంకటసుబ్రహ్మణ్యంగారు మేష్టారు, మెత్తని మనిషి. తల్లికి ఎదురు చెప్పలేక నన్ను ఊరడించబోయారు. "పద, నువ్వు పరీక్షలో రాసిన బందరు ఒకసారి కళ్ళతో చూద్దువుగాని," అని గుడివాడలో రైలెక్కించారు. డచ్చివారి సమాధుల మీద అరిగిపోయిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఎండెక్కాక సుగంధద్రవ్యాల బజారుకు బయలుదేరాం. దూరద్వీపాల లవంగాలూ జాజికాయలూ ఈ రేవులో దిగేవి, వాటికి బదులు మన అద్దకం బట్టలు ఓడలెక్కేవి. ఆ వర్తకం మీద నేను నాలుగు పేజీలు రాశాను.

జట్కా బజారు మొదట్లో ఆగింది. "నువ్విక్కడే ఉండు, నమూనాలు తెచ్చి చూపిస్తాను," అని ఆయన దిగారు. మర్యాదస్తుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆ బజారులో కాలు పెట్టరు. తెర సందులోంచి పొట్లం లోపలికి వస్తుంది. తల ఊపితే బయటికి పోతుంది. నాలుగు పేజీలు రాసిన వీధి నాకు జానెడు మేర కనిపించింది.

జట్కా తోలే జకరయ్య గుర్రాన్ని చెట్టు కిందికి నడిపిస్తూ, "మా గుర్రమన్నా కాసేపు నీడకు పోద్దమ్మా, మీరు దిగరేంటి?" అన్నాడు.

దిగాను.

కొట్టు నిండా శొంఠి, మిరియాలు, పిప్పళ్ళ గోనెలు. మా ఆయన ముక్కుపొడుం పీల్చబోతూ నన్ను చూసి, "అదేమిటి, వచ్చేశావు?" అన్నారు. షావుకారు అప్పటికే మా ఇంగువ పొట్లం కట్టేశాడు. వెనక నాగరత్నమనే పనిమనిషి తోలుసంచి విప్పి, లోపలి ముక్కలు ఏరుతోంది. ఘాటు నా కళ్ళలో నీళ్ళు తెప్పించింది.

"ఏమిటమ్మా అది?"

"ఇంగువండి."

"మరి మా పొట్లంలోది?"

నాగరత్నం నవ్వింది. "అదీ ఇంగువేనండి, పేరుకి. సగం పిండీ బంకా. వాసన చూడకుండా పట్టుకెళ్ళేవోళ్ళకి అదే కడతారు."

"నీ పని నువ్వు చూసుకోవే!" అని కసిరి షావుకారు నా వైపు తిరిగాడు. "అయ్యగారి నాన్నగారి రోజుల్నించీ మీ ఇంటికి ఇదే రకం వెళ్తోందమ్మా. బాగోలేదని ఒక్కరూ వచ్చి చెప్పలేదే!"

నిజమే. షావుకారుతో చెప్పవలసినవన్నీ నాతో చెప్పారు.

మా ఆయన రెండు ముక్కలూ వాసన చూశారు. పొడుం ఎక్కిన ఆ ముక్కుకు రెండూ ఒకటే. "నాకు తేడా తెలియటం లేదే," అన్నారు చిన్నబోయి. సంచిలోని ఇంగువే తూయించాను.

తిరుగు రైల్లో ఆయన నెమ్మదిగా, "అమ్మతో ఇదంతా అనకు. నాన్నగారు కూడా మోసపోయారంటే బాధపడుతుంది. ఇక చారు బాగుంటుంది కదా, గొడవ ఉండదు," అన్నారు. దయతోనే అన్నారు. కాని చారు బాగుండి నేను నోరు మూసుకుంటే, ఇన్నాళ్ళకు నేను బాగుపడ్డానంటారు; చదువు మీద వేసిన నింద చదువు మీదే ఉంటుంది, హైమవతి ఇంట్లోనే ఉంటుంది. గుడివాడ స్టేషను వచ్చేలోపు నిశ్చయించుకున్నాను.

మర్నాడు అత్తగారు చారు మారు పోయించుకున్నారు. "ఇన్నాళ్ళకు దిగిందే నీ చేతిలోంచి చదువు!"

"చారు ఎప్పటిలాగే పెట్టానండీ అత్తయ్యగారూ. ఇంగువ మారింది."

పాత ముక్కా కొత్త ముక్కా ఆవిడ ముందు పెట్టి, బజారులో విన్నదంతా ఒక్క మాట తగ్గించకుండా చెప్పాను. వసారాలో మా ఆయన పత్రిక పేజీ తిప్పటం ఆగిపోయింది. హైమవతి గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఆవిడ ఒక ముక్క వాసన చూశారు. రెండోది చూశారు. మళ్ళీ మొదటిది చూశారు. విస్తట్లో అన్నం ఆరిపోతోంది.

"మీ మావయ్యగారు పోయేదాకా నా చారుకు వంక పెడుతూనే ఉన్నారు," అన్నారు చివరికి, ఎవరి వైపూ చూడకుండా. "నేనేం చదివానే?"