లారీ రాకముందే

"కాలవొచ్చిందోయ్! కాలవొచ్చింది!"

శనివారం మధ్యాహ్నం రేవు వైపు నుంచి ఆ కేక వినబడగానే పొయ్యి మీద కూర పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాను. మాడితే మాడింది! బెజవాడలో నీళ్ళు వదిలారని తెలుసు గానీ, మా ఊరు చేరేసరికి ఆదివారం అవుతుందనుకున్నాం. ఒకరోజు ముందే వచ్చేశాయి. నాకు ఒళ్ళంతా సంతోషమే.

కంకిపాడు దగ్గర మా పేట. మా ఆయన కృపానందం గారు అక్కడి పెంకుటి గుడికి పాస్టరు. మా దగ్గర బాప్తిస్మం అంటే నెత్తిన నీళ్ళు చల్లడం కాదు, కాలవ రేవులో నిలువునా ముంచడం. ఎండాకాలంలో కాలవ కట్టేస్తారు గనక, ఎవరి మనసు ఎప్పుడు మారినా జూన్ నీళ్ళ దాకా ఆగాల్సిందే.

అలా ఆగినదే రావమ్మ. ఊళ్ళో ఎడ్లబండి తోలే బసవయ్య భార్య. చేత్తో రవికలు కుట్టుకుని బతుకుతుంది. నాలుగేళ్ళుగా ఆదివారం ఆదివారం మా పేటకొచ్చి, గుడి కిటికీ బయట చెప్పులు విడిచి కూచునేది. ఊరంతా ఎత్తిపొడిచినా మానలేదు. ఈస్టరు నాడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మగారూ, నేనూ మునుగుతానండీ" అంది. కాలవలో చూస్తే ఇసుక! నీళ్ళు రానీ అన్నాం.

నీళ్ళ కంటే ముందు ఏసుపాదం గారు దిగబడ్డాడు. బెజవాడలో కొత్తగా పెట్టిన ఏదో సొసైటీ మనిషి. ఈ ఆదివారం నుంచి బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఇంటికీ ఒక కుట్టుమిషను లారీలో తెచ్చి ఇస్తామన్నాడు. ఇక చూడండి, ఏనాడూ గుడి మొహం చూడనివాళ్ళు తలలు దువ్వుకుని ముందు వరసలో కూచోవడం మొదలెట్టారు. మా ఆయన పొంగిపోయాడు.

"చూశావా సంపూర్ణా, గుడి చాలడం లేదు!"

"వాళ్ళు చూసేది మిమ్మల్ని కాదండీ, మిషన్ని."

"మన తాతలు మాత్రం? కరువులో గంజి కోసమే వచ్చారంటారు. వచ్చి నిలబడలేదా?"

నాకు ఒళ్ళు మండింది. ఆ పూట గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను.

బసవయ్య మాత్రం పెళ్ళానికి ఒక్కటే మాట చెప్పాడు. "నీ మనసు అటుంటే ఎళ్ళు, నేనాపను. కానీ ఆళ్ళ దగ్గర్నుంచి పూచికపుల్ల తెచ్చినా నా గడప తొక్కొద్దు. పెళ్ళాన్ని మిషనుకి అమ్ముకున్నాడంటే ఈ ఊళ్ళో బండి తోలలేను." పాపం, రావమ్మ ఆ మాట చెప్పి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. రేపు అందరితో పాటు మునిగితే ఆమెనీ ఆ మిషన్ల గుంపులోనే కలిపేస్తారు. ఆ నాలుగేళ్ళూ ఎవరికి గుర్తుంటాయి?

అందుకే పరుగెత్తాను. దారిలో రావమ్మ ఇంటి ముందాగి కేకేశాను. "తెల్లచీర కట్టుకో, పద!" రేవు దగ్గర మా ఆయన పంచె ఎగ్గట్టి నీళ్ళు చూస్తున్నాడు. ఎర్రటి కొత్త నీళ్ళు, నురగ, ఎండుటాకులు, ఎవరిదో తెగిన చెప్పు.

"ఇప్పుడే ఇవ్వండి ఈమెకి!"

"మోకాల్లోతు లేదే! ఎట్లా ముంచను? రేపు అందరితో పాటు..."

"రేపు లారీ వస్తుందండీ!"

ఆ మాట నోట్లో ఉండగానే కంకిపాడు వైపు నుంచి హారను. కాలవ గట్టు మీద దుమ్ము. ఓరి దేవుడా, ఆ మహానుభావుడు సరుకు ముందురోజే దించుకుందామని లారీ వేసుకుని వచ్చేస్తున్నాడు!

"కూచోబెట్టి ముంచండి!" అని అరిచాను. రేవులో బట్టలుతికేవాళ్ళు, గేదెలు కడిగేవాళ్ళు అందరూ ఆగిపోయారు. మా ఆయన నా మొహం చూశాడు, రావమ్మ మొహం చూశాడు. నీళ్ళలోకి దిగాడు. రావమ్మ కాలవ మధ్యలో చతికిలబడింది. ప్రార్థన చెప్పి వెనక్కి వంచాడు.

"కొప్పు మునగలేదండోయ్!" గట్టు మీంచి ఎవరో అరిచారు.

"మళ్ళీ ముంచండి!"

ఈసారి బుడుంగుమని మునిగింది. లేచేసరికి మొహం నిండా బురద, నోటి నిండా నవ్వు. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడాగింది లారీ, మా రేవు ఎదురుగా.

ఏసుపాదం గారు తెల్లపంట్లాంతోనే నీళ్ళలోకి దూకినంత పని చేశాడు. "అప్పుడే మొదలెట్టేశారా! మొదటి ఫలం!" అంటూ ఒక మిషను దింపించి గట్టు మీద పెట్టించాడు. మెడలోంచి కెమెరా తీశాడు. "రామ్మా, దీని మీద చెయ్యేసి నిలబడు. డబ్బిచ్చేవాళ్ళకి ఫొటో పంపాలి."

అవతల చూద్దును గదా, చింతచెట్టు కింద బండి మీద బసవయ్య. ఎప్పుడొచ్చాడో, రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

రావమ్మ తడిచీరతో మిషను దగ్గరికొచ్చింది. అది నల్లగా నిగనిగలాడుతోంది. చక్రం మీద వేలు పెట్టి మెల్లగా ఒకసారి తిప్పింది. సూది పైకి లేచి దిగింది. ఆమె కళ్ళలో ఆశ నేను చూశాను. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళవి. నేనైతే తీసేసుకునేదాన్నేమో!

"చాలా బాగుందండీ" అంది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకొద్దండీ."

"అదేంటమ్మా! ఊరికే ఇస్తుంటే?"

"ఇది ఇంట్లో ఉంటే, రేపు కుట్టేటప్పుడల్లా నాకే అనుమానం వచ్చుద్దండీ. నేను దేనికోసం మునిగానా అని."

ఏసుపాదం గారు మా ఆయన వైపు తిరిగాడు. "మిషను లేకుండా ఫొటో పనికిరాదండీ. లెక్కలోకి రాదు."

మా ఆయన ఒంటినిండా బురద. "రాకపోతే పోనివ్వండి" అన్నాడు. "ఇయ్యదల్చుకుంటే మునగనివాళ్ళక్కూడా ఇయ్యండి. లేదంటే లారీ తిప్పుకోండి. ఈ రేవులో మిషను పెట్టి నేనెవర్నీ ముంచను." నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి మీద నాకంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

బసవయ్య బండి దిగి గట్టు మీదకొచ్చాడు. అందరం పక్కకి జరిగాం. పెళ్ళాం ఎదురుగా నిలబడి ఆమె రెండు చేతులూ చూశాడు. ఖాళీ.

"ఏమన్నా తీసుకున్నావా?"

"లేదు."

భుజం మీద తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తల తుడుచుకో, జలుబు చేస్తది. బండెక్కు, ఇంటికి పోదాం."