మీటకుఁ బెట్టిన మెఱుఁగు

శరత్కాలము ప్రవేశించి వర్షజలక్షాళితశిలాసముదయములైన వేములకనుమ కొండలకు మేఘముల ముసుఁగు దొలఁగించి జొన్నచేలలోఁ బాలు పోసికొనుచున్న కంకులకుఁ బసిఁడిచాయ నొసంగి వాఁగులలోని మట్టినీటిని స్ఫటికనిర్మలముగఁ దేర్చి దేవీనవరాత్రమహోత్సవమునకు దేశమునెల్ల నాయత్తపఱచుచుండెను. కోట బురుజులకు సున్నము వేయఁబడినది. వీథులలోఁ గలయంపి చల్లఁబడినది. సంస్థానమున మిగిలియున్న యొక్క ముసలి యేనుఁగునకు సైతము తలంటు జరిగినది. ఊరెల్ల నుల్లాసముగ నున్న యా యాశ్వయుజ శుద్ధాష్టమినాఁ డుల్లాసమునకు నోచుకొననివాఁ డొక్కఁడే. అతఁడు కోట క్రింది కమ్మరవీథిలోని సోమలింగాచారి.

ఇనుము నడుమనే నెఱసిన తలయు నిప్పురవ్వల మచ్చలు నిండిన ముంజేతులును గల యా లోహకారశ్రేష్ఠుఁడు కొలిమిముంగిట నుతికిన గుడ్డ పఱచి దానిమీఁదఁ బాళెగారగు తిరువేంగళ నాయనివారి యొంటిగుండు పిస్తోలును భాగములుగ విప్పి పెట్టికొనియుండెను. దంతపుఁబిడియు వెండితీఁగెల లతలును గలిగి చూచువారికిఁ గన్నులపండువుగ నుండు నా యాయుధమునకు గుండె యనఁదగినది మాత్రము బియ్యపుగింజకంటెఁ గొంచెము పెద్దదగు నొక యుక్కుముల్లు. గుఱ్ఱమను పేరఁ బరఁగు పై కొక్కెము తన నోటఁ జెకుముకిరాతిని గఱచుకొని యుండును. దానిని వెనుకకు లాగి నిలిపినప్పుడు ఈ ముల్లు దాని మడమలోని గంటునఁ జిక్కుకొని దిగనీయక పట్టియుంచును. వ్రేలు మీటను నొక్కఁగానే ముల్లు గంటును విడుచును. గుఱ్ఱము దిగును. రాయి నిప్పు రాల్చును. మందు మండును. ముల్లు గట్టిగఁ బట్టినచో మీట బరువగును. వదులుగఁ బట్టినచోఁ దేలికయగును. ఆ గట్టితనమునకును వదులుతనమునకును నడుమనున్న వెండ్రుకవాసి యెడములోనే నాఁడు సోమలింగాచారి ప్రాణము నిలిచియుండెను.

ప్రాణమని యూరక యనలేదు. ఆ సంస్థానమున నొక యాచారము గలదు. మహానవమినాఁ డాయుధపూజ యైన పిదపఁ బాళెగారు సకలజనసమక్షమునఁ బిస్తోలుతో నొక కొబ్బరికాయను గొట్టవలెను. ఆ కాయను జాఁచిన యఱచేతఁ బట్టుకొని నిలువవలసినవాఁడు ఆ యేఁడు ఆ పిస్తోలునకుఁ బనిముట్టు తగిల్చిన కమ్మరియే. తన మేనే పూచీగా నున్నప్పుడు పనివాఁడు పనిదొంగ కాఁజాలఁడని తలంచి యెవఁడో పూర్వప్రభువు దీనిని గల్పించెను. ఆ ప్రభువు తానెన్నఁడును గాయను బట్టినవాఁడు కాఁడని వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

ఇన్నేండ్లును నాయనివారి గుఱి తప్పలేదు గనుక సోమలింగాచారికి నవమి యన్న వెఱపు లేకుండెను. కాని యా వేసవిలో విషజ్వరమొకటి దొరను మంచము పట్టించి తాను విడిచిపోవుచుఁ గుడిచేతిలో నొక వణఁకును విడిచిపోయెను. కత్తి పట్టిన వంశమునఁ బుట్టి చేయి వణఁకుచున్నదని యెట్లు చెప్పుకొనుట? నాయనివారు దానిని అంతఃపురమువారికిఁ దప్ప నొరులకుఁ దెలియనీయక నెట్టుకొని వచ్చుచుండిరి. పిస్తోలు నిచ్చుటకై కమ్మరిని రావించిననాఁడు మాత్ర మా దాఁపఱికము సాగలేదు.

"ఆచారీ! ఈ మీట మిక్కిలి బరువెక్కినది. దీనిని దేలిక చేయుము" అని నాయనివా రాయుధమును జాఁచినప్పుడు గొట్టపుకొన గాలిలో సన్నని సున్నలు చుట్టుచుండుటను సోమలింగాచారి చూచెను.

"అట్లే దొరా! తేలిక చేసెదను" అని యతఁడు తల వంచికొనెను.

మీట బరువెక్కలేదు. ఆ సంగతి యిద్దఱకును దెలియును. బరువైన మీటను వణఁకుచేయి బలముగ లాగినచో గొట్టము ప్రక్కకుఁ దొలఁగును. కాయకుఁ బ్రక్కన నుండునది కమ్మరి ఱొమ్మే. కావున మీటను దేలిక చేయుట దొర పరువునకును గమ్మరి ప్రాణమునకును గూడ నవసరమయ్యెను. హద్దుమీఱి తేలిక చేసినచో వ్రేలితోఁ బనిలేకయే యా వణఁకునకే గుఱ్ఱము దిగిపోవును. అదియు నతఁ డెఱుఁగును.

సోమలింగాచారి ప్రమిదెమసిని నూనెతోఁ గలిపి ముల్లుకొనకుఁ బూసి గంటున నిలిపి తీసి చూచెను. మసి యొక మూలనే చెఱిఁగియుండెను. అనఁగా ముల్లు గంటును నిండుగఁ దాఁకక యొక యంచుమీఁదనే వ్రేలాడుచున్నదన్నమాట. మీట గరగరలాడుటకు మూలమదియే. అతఁడు నునుపైన సానరాతికి నూనె యద్ది ఊపిరి బిగఁబట్టి యా మూల నొక్కింత రాచి తుడిచి మరల మసి పూసి మరల నిలిపి చూచెను. తొందరపడినచోఁ గొంప మునుఁగును. ఏలయన నది మెత్తని యినుమును గొలిమిలో మాగఁబెట్టి పైన నుక్కుపొర యెక్కించిన ముల్లు. ఆ పొర పాలమీఁది మీఁగడవలెఁ బలుచనిది. పొర యున్నంతవఱకే ముల్లునకుఁ బట్టు.

ప్రొద్దు వాలునప్పటికి మసి ముల్లు మొగమంతటను సమముగఁ జెఱిఁగెను. మీట వ్రేలికిఁ దెలియకయే జాఱెను. గుఱ్ఱము నెత్తి నిలిపి పిడిని మొద్దుపై గట్టిగఁ దట్టినను గుఱ్ఱము దిగలేదు. పని యక్కడ నాఁగవలసినది. కాని చేయి తిరిగిన పనివానికి మంచిపని యెదుట నున్నప్పుడు దానిని మఱింత మంచిది చేయవలెనను పాడుబుద్ధి పుట్టుచుండును. ముల్లు మొగమున నొక్క సన్నని గీఁత కనఁబడుచున్నదని సోమలింగాచారి మరల సాన నందుకొనెను.

"ఏమయ్యా! సంగటి చల్లాఱిపోయినది. చాలునను మాట నీ నోట నెప్పుడు వచ్చును?" అని యతని భార్య గురవమ్మ గుమ్మమునుండి కేకవేసెను.

"ఇదిగో! ఒక్క మెఱుఁగు పెట్టి వచ్చెదను" అని యతఁ డా గీఁత మాయువఱకు రాచెను. ముల్లు మొగమున నద్దమువంటి తళుకు వచ్చెను. అతని మనస్సు నిండెను. ముచ్చటగొని గుఱ్ఱమును మాటిమాటికి నెత్తి దింపి చూచికొని పిస్తోలును ఆ సాయంకాలమే కోట కంపి హాయిగ సంగటి తినెను.

మఱునాఁటి యుదయమున నాయుధపూజకై పనివాండ్రందఱును దమ తమ పనిముట్లను గడుగుచుండిరి. సోమలింగాచారియు సుత్తెలను బట్టుకారులను ఆకురాళ్ళను గడిగి పసుపుకుంకుమలు పెట్టి కడపట సానరాతిని నీటఁ దోమి యెండకుఁ ద్రిప్పెను. రాతి రంధ్రములలో సన్నని తునకలు తళుక్కుమనెను. ఉక్కుపొరను రాచిన సాన నూనెలో బూడిదరంగు బురదను మాత్రమే విడుచును. మెఱుపుతునకలు పట్టినవనఁగా సాన మెత్తని యినుమును దిన్నదని యర్థము. నిన్నటి కడపటి మెఱుఁగు పొరను దాఁటిపోయినది. చూచుటకుఁ దళతళలాడు నా ముల్లు గుఱ్ఱము నెత్తినకొలఁది మొద్దువాఱి యే క్షణముననైనను గంటునుండి జాఱఁగలదు.

"ఏమైనదయ్యా? అట్లు తెల్లఁబోయితివేల?" అని గురవమ్మ యడిగెను.

అతఁడు రాతిని జూపెను. కమ్మరియింటఁ బుట్టి కమ్మరియింట మెట్టిన యా యిల్లాలికి వేఱుగ వివరింపఁ బనిలేకపోయెను. ఆమె చేతిలోని పసుపుగిన్నె జాఱి నేలఁ బడెను.

"పరుగెత్తుము. పోయి దొరతోఁ జెప్పుము" అనెను.

అతఁడు చేరునప్పటికిఁ గోటలోఁ బూజ ముగిసియుండెను. పూజ నందిన యాయుధమును గాయ పగులువఱకుఁ బనిముట్టు తాఁకరాదు. మందును గుండును గూరిచిన పిస్తోలు పూలదండతో వెండిపళ్ళెరమునఁ గొలువుదీఱియుండెను. బురుజు ముందఱి మైదానమున జనము క్రిక్కిఱిసియుండెను. సోమలింగాచారి దొర పాదములకడ వంగి యొరులకు వినఁబడనంత మెల్లఁగ విన్నవించెను.

"దొరా! ముల్లు చెడినది. నా చేతనే చెడినది. పొర పోవునంతగ సాన పట్టితిని. మీట తాఁకకయే గుఱ్ఱము దిగవచ్చును. ఈ యేఁటికి వేడుక మానుఁడు."

నాయనివారి కన్ను లెఱ్ఱవాఱినవి. "నీ పనిలోఁ దప్పు దొరలుట నే నెన్నఁడు నెఱుఁగను. నా చేతిని గాపాడుటకు నీ సానను నిందించుకొనుచున్నావు. నీ జాలి నా కక్కఱలేదు."

"జాలి కాదు దొరా! విశ్వకర్మ యాన!"

"చాలును. భయమైనచో భయమని చెప్పుము. కాయను వేఱొకఁడు పట్టును."

ఆ మాట సోమలింగాచారికి సూటిగఁ దగిలెను. వేఱొకఁ డనఁగా నెవఁడు? కమ్మరవీథిలోని యే యింటివాఁడో యగును. తాను చెఱిచిన ముల్లు నెదుట నొరుని నిలిపి తాను ప్రక్కకుఁ దప్పుకొని రేపు కొలిమిలో నిప్పు రాఁజుకొనుట యెట్లు? అతఁడు లేచి నిలిచెను.

"నేనే పట్టెదను దొరా! ఒక్క మనవి. గొట్టము నావైపునకుఁ దిరిగి నిలుచువఱకు గుఱ్ఱము నెత్తకుఁడు. చుట్టును బిడ్డలున్నారు."

నాయనివారు "అట్లే కానిమ్ము" అనిరి.

మధ్యాహ్నమార్తాండప్రభాభాసురమైన యా మైదానమునఁ గొమ్ములు మ్రోఁగి యాఁగినవి. సోమలింగాచారి బురుజుగోడకు వీఁపు నానించి కుడిచేయి చాఁచి యఱచేతఁ గాయను నిలిపెను. నాయనివారు పిస్తోలు నెత్తిరి. మాట తప్పక గొట్టము గోడవైపు నిలిచిన పిదపనే గుఱ్ఱముపై బొటనవ్రేలు వేసిరి. గొట్టపు నల్లని నోరు ఒకమాఱు కాయవైపును ఒకమాఱు తన గొంతువైపును జూచుచుండుటను సోమలింగాచారి చూచెను. దేవుని దలఁచుకొందమన్న నొక్క పేరును జ్ఞప్తికి రాలేదు. అద్దమువంటి యా ముల్లు మొగమే కన్నులలో నాడెను. ఎవ్వరును జూడని యా యినుపతునకకు సొగసు దిద్దవలెనని తాను పడిన యాశను దలంచుకొని యతనికిఁ దనమీఁదఁ దనకే యసహ్యము పుట్టెను. గుఱ్ఱము వెనుకకు వచ్చి టక్కున నిలిచెను. బొటనవ్రేలు తొలఁగెను. చూపుడువ్రేలు వణఁకుచు మీటవైపు సాగెను. అది యింకను మీటను జేరలేదు.

పిస్తోలు ప్రేలెను.

పొగ క్రమ్మెను. అఱచేత బలమైన దెబ్బ తగిలి చేయి భుజమువఱకు మొద్దువాఱెను. వెచ్చగ నేదియో ముంజేతివెంటఁ గాఱెను. నెత్తురనుకొని వెఱచుచుఁ జూడఁగా నది కొబ్బరినీరు. చిప్పలు గోడక్రిందఁ జెల్లాచెదరై పడియుండెను. పోయిన ప్రాణము లేచివచ్చినట్లయ్యెను.

జనము జయజయధ్వానములు సేసెను. నాయనివారు మాత్రము తమ చూపుడువ్రేలినే చూచుచు మ్రాన్పడి నిలిచిరి. అది యప్పటికిని మీటకు వెలుపలనే వణఁకుచుండెను. పిదప వారు పెద్ద పెద్ద యడుగులతో గోడకడకు వచ్చి జనమువైపు దిరిగి కుడిచేతిని బైకెత్తిరి.

"వినుఁడు! కాయను గొట్టినది నేను కాను. నా చేయి వణఁకుచున్నది. చూడుఁడు. నా వ్రేలు మీటను దాఁకనేలేదు. ఇట్లగునని యీతఁడు ముందే చెప్పెను. నేను నమ్మలేదు."

సోమలింగాచారి "దొరవారి తప్పేమియు లేదు. తప్పు నాది. మెఱుఁగునకై యాశపడి ముల్లును జెఱిచితిని" అనెను.

అప్పుడు ముందువరుసలోని యొక వృద్ధుఁడు చేతులు జోడించి "ఆహా! ఏమి దొర! ఏమి పనివాఁడు! ఘనతను నీదనిన నీదని యొకరి కొకరు ఒప్పగించుకొనుచున్నారు" అని కన్నీరు పెట్టుకొనెను. మునుపటికంటె హెచ్చుగ జయజయధ్వానములు చెలరేఁగెను. పని చెడినపిమ్మటఁ జెప్పిన సత్యమును లోకము నేరమని శిక్షించును. పని నెగ్గినపిమ్మటఁ జెప్పిన సత్యమును వినయమని మెచ్చుకొనును. సత్యమును సత్యముగ వినిపింపవలెనన్నఁ బనికి ముందే చెప్పవలెను. ముందు చెప్పినప్పుడో వినువారుండరు.

జనమును ద్రోసికొనుచు గురవమ్మ వచ్చెను. ఎవ్వరిని లెక్కసేయక మగని యఱచేతిని బట్టుకొని వ్రేలు వ్రేలును దడవి చూచెను. అన్నియు నున్నవి. అప్పుడామె యాఁగలేక గొల్లుమని యేడ్చెను. నాయనివారికి మనస్సు కరఁగెను.

"అమ్మా! దుఃఖింపకుము. వచ్చు నవమికి నీ పెనిమిటి యిచ్చట నిలువఁడు. ఇది నా మాట" అనిరి.

గురవమ్మ కొంగుతో మొగము దుడిచికొని దొరను నిలువునఁ జూచెను.

"ఆయన నిలువకున్న వేఱొకతె మగఁడు నిలుచును దొరా!"

చుట్టును జనము కేకలు వేయుచునే యుండెను.

మఱుసంవత్సరము మహానవమినాఁడు పూజ యైనపిదపఁ గొమ్ములు యథాప్రకారము మ్రోఁగినవి. బురుజుగోడకడ నెవ్వఁడును నిలువలేదు. నాయనివారు మైదానమధ్యమున నొక బండ వేయించి కొబ్బరికాయను దమ కుడిచేతనే పట్టుకొని యందఱును జూచుచుండఁగ వంగి దానిపైఁ గొట్టిరి. చేయి వణఁకుటచే మొదటి దెబ్బకది పగులలేదు. ఎవ్వరును నవ్వలేదు. రెండవ దెబ్బకుఁ బగిలెను.